వెనక్కి తిప్పిన తారీఖు

జావా అంటే నల్లబల్ల మీద సుద్దముక్కతోని రాసేదని వనిత దగ్గరదగ్గర ఏడాది నమ్మింది. నమ్మక ఏం చేస్తది, ఆమె చూసిందే అది. దత్తు సార్ బల్ల మీద ప్రోగ్రాం రాసేటోడు, పిల్లలు నోటుబుక్కులల్ల దించుకునేటోళ్ళు. "దీన్ని నడిపిస్తే ఏమొస్తది?" అని సార్ అడిగితే, ఏమొస్తదో అందరు గొంతు కలిపి చెప్పేటోళ్ళు. నడిపించుడు మాత్రం ఎవ్వలూ చూడలే.

మహారాష్ట్ర చంద్రపూర్‌ల జట్‌పురా గేటు దాటినంక, చీరల దుకాణం మీది అంతస్తుల ఉంటది ఆ కంప్యూటర్ క్లాసు. క్లాసు రూం పక్కన అద్దాల గది, అందుల వరుసగ మిషన్లు, ఒక్కోదాని మీద గులాబి రంగు గుడ్డ. ఊర్ల బొగ్గుదుమ్ము, బూడిద గాలిల్నే ఉంటయి గనుక గుడ్డ కప్పుడు న్యాయమే. కని ఆ గుడ్డలు తీసేదెప్పుడు? వారానికొక్కసారి 'ప్రాక్టికల్' అని పిల్లలను లోపలికి తోలేటోళ్ళు. చెప్పులు బయట ఇడువాలె. చెప్పులతోని వస్తే వైరస్ వస్తదని తలుపు మీద మరాఠీల రాసి ఉండె. ముగ్గురికొక మిషన్. అందుల ప్రోగ్రాం టైపు చేసుడు, మిషన్ల దాసిపెట్టుడు, లేసిపోవుడు. దీనికి ఏడాది కోర్సు అని పేరు, ఆఖరుకు నాగపూర్ హెడ్డాఫీసు సర్టిఫికెట్. ఆ క్లాసుల సగం మంది బాయికి పోయి బొగ్గు తీసేటోళ్ళ పిల్లలే. తండ్రులు భూమిలకు దిగుతుంటే పిల్లలకు సుద్దముక్క చూపెట్టి పంపుడు ఏం చదువో, ఆ దత్తు సార్‌కే తెల్వాలె.

రైలు స్టేషన్ బుక్‌స్టాల్‌ల కొన్న ఒక కంప్యూటర్ పత్రికతోని వనితకు కండ్లు తెరుచుకున్నయి. దానితోని ఒక సీడీ వచ్చింది. జావాను ముందుగల మిషన్‌కు ఎక్కించాలె, అది ఏ జాగల ఉన్నదో మిషన్‌కు చెప్పాలె, అప్పటిదాంక ప్రోగ్రాం నడవదని అందుల బొమ్మలతోని రాసి ఉండె. మరుసటి ప్రాక్టికల్‌ల ఆమె తన మిషన్ అంత వెతికింది. జావా లేదు. పక్కదాంట్ల చూసింది, లేదు. ఆ వరుసల ఒక్కదాంట్లె గూడ లేదు. వనితకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్ని నెలలు అన్నం పెట్టకుంట నమలుడు నేర్పిండా ఈయన?

ఆమె ఎవ్వలనూ అడగలే. సీడీని దుపట్ట కింద పెట్టుకొని పోయింది. పక్కన ప్రణాలి, కోర్పనా దిక్కు పల్లె నుంచి వచ్చి చిన్నమ్మ ఇంట్ల ఉండి చదువుకునే పిల్ల. ప్రణాలి తలుపు దిక్కు చూస్తుంటే వనిత సీడీ ఎక్కించింది. జావా ఎక్కింది. పేరు కొట్టి చూస్తే మిషన్ 'బ్యాడ్ కమాండ్' అన్నది. అంటే జావా ఉన్నది, ఏడున్నదో దానికి ఎరుక లేదు. మిషన్ లేవంగనే చదువుకునే చిన్న ఫైలు ఒకటుంటది. దాన్ని తెరిచి, అందుల ముందే ఉన్న దారిని చెరపకుంట దాని ఎనకాలనే జావా ఉన్న జాగకు దారి రాసింది. బందు చేసి మల్ల లేపింది. ఈసారి దారులు పట్టేటందుకు జాగ చాలదన్నది. పత్రికల చూసి ఇంకొక్క ఫైల్ల జాగ పెంచింది. మూడోసారి లేపినప్పుడు నల్లటి తెర మీద తను ప్రోగ్రాంల రాసిన మాట తనకే ఎదురొచ్చి నిలవడ్డది.

"వచ్చింది గదనే," అన్నది ప్రణాలి, మెల్లగ.

అదే సీడీల యాంట్ అని ఇంకొకటి ఉండె. అది మేస్త్రి అసువంటిది. ఏ పని ముందు, ఏ పని ఎనక అని ఒక ఫైల్ల రాసిపెడితే, 'యాంట్' అని ఒక్క మాట కొడితే చాలు, రాసినదాన్ని వరుసగ నడిచేటట్టు కట్టి పెడ్తది. 'యాంట్ క్లీన్' అంటే అప్పటిదాంక కట్టినదంత తుడిచేస్తది, మల్ల మొదటి నుంచి కట్టుకోవచ్చు. దాన్ని గూడ ఎక్కించి, 'బిల్డ్ సక్సెస్‌ఫుల్' అని తెర మీద పడుతుంటే చూసి ఇద్దరు నవ్వుకుంటుండంగ ఎనక నుంచి దత్తు సార్ వచ్చిండు.

ఆయన గురించి ఒక సంగతి చెప్పాలె. దత్తు సార్ మనోడే, రాజురా దిక్కు తెలుగు రైతుల ఇంట్ల పుట్టినోడు. కని హుకుం చేసేటప్పుడు మరాఠీ, మనతోని పని పడ్డప్పుడు తెలుగు. ఆనాడు మరాఠీల అందుకున్నడు. దొంగ సీడీ పెట్టి నా మిషన్ ఖరాబు చేస్తవా, ఎవలనడిగి ముట్టినవ్, లేవు, బయటికి నడువు. "సమజ్లం కా?" అని, అర్థమైందా అన్నట్టు, అందరి ముంగట బల్ల గుద్దిండు. మిషన్ వైరు గుంజేసిండు. తెర నల్లగైంది. వనిత చెప్పులేసుకొని మెట్లు దిగింది. ఏడుపు రాలే, కోపమొచ్చింది.

*

మూడోనాడు పొద్దున బాబుపేట్‌ల వనిత వాళ్ళ ఇంటి ముంగట స్కూటర్ ఆగింది. దత్తు సార్ దిగిండు. చెప్పులు గుమ్మం బయట ఇడిచి, నవ్వుకుంట లోపలికొచ్చిండు.

"రాయమల్లు మామా, మంచిగున్నవా?" అన్నడు వనిత తండ్రితోని, తెలుగుల.

తెలుగు వినంగనే వనితకు అర్థమైంది, ఏదో పని పడ్డదని. తల్లి మల్లవ్వ చాయ పెట్టింది. సార్ చాయ తాగుకుంట చెప్పిండు. సోమవారం నాగపూర్ హెడ్డాఫీసు నుంచి మేడం వస్తున్నది. లాబ్ చూస్తది, పిల్లల పని చూస్తది. అన్ని మిషన్లల్ల జావా ఉండాలె, యాంట్ ఉండాలె. మేడం ఒప్పుకుంటేనే ఈ బ్యాచికి సర్టిఫికెట్లు.

"నీ చెయ్యి మంచిగ తిరిగింది వనితా. ఆనాడు ఏదో కోపంల అన్న. మనోళ్ళ పిల్లవు, మనసుల పెట్టుకుంటవా?"

మనసుల పెట్టుకోక యాడ పెట్టుకుంటది? కని ఆమె తండ్రి దిక్కు చూసింది. వచ్చే నెల బొగ్గుబాయిల బాపు నౌకరి అయిపోతది. ఇంట్ల ఇప్పుడు ఎదురుచూసేది ఆ సర్టిఫికెట్ కోసమే. అది ఉంటే నాగపూర్‌లనో పుణెలనో ఉద్యోగం అడగవచ్చు. పైగా అన్ని మిషన్లల్ల జావా ఎక్కితే ఎవలికి లాభం? పిల్లలకే గద. గులాబి గుడ్డలు తీస్తరు గద. "వస్త సార్," అన్నది.

శనివారం ఆమె, ప్రణాలి, బ్యాచిల ఇంకొందరు కలిసి పనిల పడ్డరు. సీడీ ఒక మిషన్ నుంచి ఇంకొక మిషన్‌కు తిరిగింది. దారి రాసుడు, బందు చేసుడు, లేపుడు. సతీష్ అనే పిల్లగాడు పాత దారిని చెరిపి కొత్తది రాసిండు, మిషన్‌కు ఉన్న తెలివి గూడ పోయింది. వనిత వానికి మల్ల చూపెట్టింది. నడుమ కరెంటు పోయింది. కిటికీల నుంచి చూస్తే దుర్గాపూర్ కరెంటు కారఖానా పొగ గొట్టాలు నిశ్చింతగ పొగ ఇడుస్తున్నయి. రాష్ట్రానికంత కరెంటు చేసే ఊర్ల పిల్లలు కరెంటు కోసం కూసొని చూసుడు, ఇదొక బతుకు. ఎండకాలం పోయి మృగశిర వచ్చినా వాన జాడ లేదు, అద్దాల గదిల ఉక్కపోత. అయినా ఎవ్వలూ లేసిపోలే. కరెంటు రాంగనే ప్రణాలి తన ప్రోగ్రాం తను కట్టి నడిపించింది. నడిచింది. ఆమె కుర్చీల నుంచి లేసి, మల్ల కూసొని, మల్ల నడిపించింది.

నల్లబల్ల మీద రాసుకున్న ప్రోగ్రాంలన్ని ఆ పొద్దు, మరునాడు మధ్యాహ్నం దాంక, ఒక్కొక్కటి ప్రాణం పోసుకున్నయి. నోటుబుక్కుల సగం తప్పులున్నయి. సార్ బల్ల మీద రాసినయే తప్పులు. నడిపిస్తే గద తెలిసేది. పిల్లలు దిద్దుకుంటుంటే వనితకు ఒకదిక్కు సంతోషం, ఒకదిక్కు ఒళ్ళు మండుడు. ఇంత సులువైన పనిని ఇన్ని నెలలు ఎందుకాపినట్టు?

ఆదివారం మధ్యాహ్నం అందరు తినేటందుకు పోయినంక దత్తు సార్ కుర్చీ గుంజుకొని ఆమె పక్కన కూసున్నడు. తెర మీద ఫోల్డర్లు చూసిండు.

"అన్నీ నిన్న ఇయ్యాల్టి తారీఖులే ఉన్నయి గద."

"నిన్న ఇయ్యాలనే చేసినం గద సార్."

"మేడం తారీఖులు చూస్తది. ఏడాది కోర్సు, రెండు రోజుల పనా అంటది." ఆయన తెరకు మూల ఉన్న గడియారం మీద వేలు పెట్టిండు. "దీన్ని ఎనుకకు తిప్పు. ఒక ఫోల్డర్‌కు ఆగస్టు, ఒకదానికి సెప్టెంబర్, గట్ల. ఒక్కో నెలకు తిప్పి కట్టు."

వనిత ఆయన మొఖం చూసింది. ఆయన తమాషాకు అంటలేడు.

"అది అబద్ధం సార్."

"ఏం అబద్ధం? మీరు చదవలేదా ఏడాది? ప్రోగ్రాంలు అవే, తారీఖులు దిద్దుతున్నం, అంతే."

"చదివినం. చెయ్యలేదు. మీరు చెయ్యనియ్యలేదు."

దత్తు సార్ గొంతు పెంచలే. అది ఇంకా బాధ. "నా కేంద్రం పోతే నేనింకొక దుకాణం పెట్టుకుంట. మీ బ్యాచికే సర్టిఫికెట్ రాదు. ప్రణాలి ఏమైతది? ఆ సతీష్ ఏమైతడు? నీ ఇంట్ల సంగతి నాకు తెల్వదా? ఆలోచన చెయ్యి, బిడ్డా."

బిడ్డా అన్నడు. గొంతు మీద కత్తి పెట్టుకుంట ఎవలన్న గట్ల పిలుస్తరా?

ఆమె మౌస్ పట్టుకున్నది. గడియారం మీద రెండుసార్లు నొక్కితే క్యాలెండర్ తెరుచుకున్నది. జూన్ తీసి ఆగస్టు పెట్టింది. సంవత్సరం ఒకటి ఎనుకకు. 'యాంట్' కొట్టింది. కట్టుడైతే కట్టింది గని నడుమల ఒక లైను తెర మీద వేసింది. వార్నింగ్, ఈ ఫైలు భవిష్యత్తుల మారింది.

"ఏం లొల్లి అది?" అన్నడు సార్.

"మనం ఆగస్టుల ఉన్నమంటే అది నమ్మింది. ఫైలు జూన్‌ల రాసింది గద. ఇంకా రాని తారీఖుల ఎట్ల రాసిన్రు అని అడుగుతున్నది."

"దాని నోరు మూయించు."

వనిత ఆ ఫైలు తెరిచి, ఒక ఖాళీ కొట్టి, అది చెరిపి, మల్ల దాసింది. ఇప్పుడు రాసిన ఫైలుకు గూడ ఆగస్టు పడ్డది. యాంట్ ఏం అనలే. తర్వాత సెప్టెంబర్. తర్వాత అక్టోబర్. ప్రతిసారి ఆ లైను వచ్చుడు, ప్రతిసారి దాన్ని అణచుడు. ప్రణాలి రెండుసార్లు లేసి కూసున్న ప్రోగ్రాం దీపావళి నెలల పడ్డది. తన మొదటి ప్రోగ్రాం శ్రావణంల పడ్డది. అట్ల మిషన్ తర్వాత మిషన్. అంత అయినంక గడియారాలన్ని ఇయ్యాల్టికి తెచ్చిపెట్టింది. సార్ ఆమె భుజం తట్టబోతే పక్కకు జరిగింది.

*

ఇంటికొచ్చేటాలకు ఇంకా ఎండ ఉన్నది. రాయమల్లు వాకిట్ల నులక మంచం బిగిస్తున్నడు. కాలు మంచం పట్టెకు తన్నిపెట్టి, నులకను రెండు చేతులతోని గుంజి, ముడి వేసి, మల్ల గుంజుతున్నడు. వనిత అటుపక్కన కూసొని, తెలిసిన పనే గనుక, నులక కొస అందిచ్చుకుంట పోయింది.

"నిన్న బాయి ఆఫీసుకు పోయిన," అన్నడు ఆయన. "పుట్టిన తారీఖు సంగతి ఆఖరుసారి అడుగుదామని. ఏమంటరు, కాయితంల గట్లనే ఉన్నదంటరు."

"ఎన్నిసార్లు పోతవయ్యా," అన్నది మల్లవ్వ గుమ్మం కాడ బియ్యం ఏరుకుంట. "ఇంక రాసింది రాసిందే."

ఆ సంగతి ఇంట్ల అందరికి తెలిసిందే. భర్తీ అయిన్నాడు ఎప్పుడు పుట్టినవని క్లర్కు అడిగితే, రజాకార్ల గడబిడల పుట్టిన అని రాయమల్లు చెప్పిండు. ఆదిలాబాద్ దిక్కు పల్లెలల్ల అంతకన్న పక్కా తారీఖు ఏముంటది? ఆ క్లర్కుది ఎటో దూరపు ఊరు. రజాకార్లెవలో, గడబిడ ఎప్పటిదో ఆయనకేం తెల్సు. ఎదురుంగ నిలవడ్డ మనిషి మీసాలు చూసి, ముదిరినోడే అనుకొని ఐదేండ్లు ముందటి సంవత్సరం రాసుకున్నడు. రాయమల్లు బొటనవేలు పెట్టిండు. ఆ మీసాలకు ఇప్పుడు ఐదేండ్ల నౌకరి పోతున్నది.

"ఇంక ఐదేండ్లు బాయిల దిగేటోణ్ణి," అన్నడు ఆయన ముడి బిగించుకుంట. "నా ఒంట్ల సత్తువ ఉన్నది. ఉన్నదని ఎవలికి చెప్పాలె?"

వనిత చేతుల నులక ఆగింది. చెప్పొద్దనుకున్నది గని గొంతుల ఆగలే. గడియారం ఎనుకకు తిప్పుడు, ఆగస్టు పెట్టుడు, సార్ బెదిరించుడు, అంత చెప్పేసింది. మల్లవ్వ చేట పక్కకు పెట్టింది.

"పోనీ బిడ్డా, మంచికే గద," అన్నది. "సర్టిఫికెట్ రావాలె గద."

రాయమల్లు ఇంకొక ముడి వేసిండు. నులక గుంజి పట్టుకున్నడు.

"నా తారీఖు ఇంకొకడు రాసిండు," అన్నడు. "నాకు అక్షరం రాదు, చూసుకుంట నిలవడ్డ. నీది ఎవలు రాసిన్రు?"

"నేనే బాపు."

ఆయన తల ఊపి, మిగిలిన నులక బిగించుడుల పడ్డడు. ఇంకేమన్న అంటే బాగుండు అనిపించింది వనితకు. తిడితే బాగుండు. ఆయన మంచం బిగించి, మీద చెయ్యి కొట్టి చూసి, లోపల వేసిండు.

*

సోమవారం లాబ్ మీద గుడ్డలు లేవు. అగరుబత్తి వాసన. టేబుల్ మీద కచోరీలు, కొబ్బరిబొండం. నాగపూర్ నుంచి వచ్చిన బోర్కర్ మేడం నడీడు మనిషి, కండ్లద్దాలు ముక్కు మీదికి జారుతుంటే ఎగదోసుకుంట మిషన్ మిషన్‌కు తిరిగింది. చెప్పులు బయట ఇడువుమంటే ఎందుకన్నది, దత్తు సార్ నవ్వి ఊకున్నడు. ఫోల్డర్లు తెరిచి చూసింది. ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్.

"నెలనెలా చేయించారు," అన్నది మరాఠీల. "చాలా కేంద్రాలలో ఇది చెయ్యరు."

"పిల్లల మీద ప్రేమ మేడం," అన్నడు దత్తు సార్. "ఒక్కరోజు గూడ లాబ్ బందు పెట్టలే."

 ఒక్కరోజు గూడ బందు పెట్టలేదట. ప్రణాలి తల వంచుకొని కీబోర్డు చూస్తున్నది. సతీష్ కిటికీల నుంచి బయటికి చూస్తున్నడు. మేడం సంతకానికి పెన్ను తీసింది. తీసి, ఎందుకనో వనిత దిక్కు తిరిగి, "నువ్వొకటి నడిపించి చూపించు," అన్నది.

వనిత కూసున్నది. ఆగస్టు ఫోల్డర్‌లకు పోయింది. 'యాంట్' అని కొట్టింది. ఎంటర్ నొక్కకముందు ఒక్క క్షణం ఆగి, పక్కన 'క్లీన్' అని చేర్చింది.

కట్టినదంత తుడుచుకపోయింది. మేడం కండ్లద్దాలు ఎగదోసుకున్నది. వనిత తను రాసిన ఫైలు తెరిచింది. పైన తన పేరు, దాని పక్కన ఆ ప్రోగ్రాం నిజంగ నడిచిన తారీఖు, మొన్నటి శనివారంది, రాసి దాసింది. మల్ల 'యాంట్' కొట్టింది. బిల్డ్ సక్సెస్‌ఫుల్. ఫోల్డర్‌ల ఉన్నవాటన్నిటికి ఇయ్యాల్టి తారీఖు పడ్డది.

"ఇది ఆగస్టుది కదా," అన్నది మేడం. "ఆగస్టుది ఏమైంది?"

ఎనక నుంచి దత్తు సార్ తెలుగుల, పండ్ల నడుమ నుంచి, "వనితా, నీకు దండం పెడ్త, ఊకో," అన్నడు.

మేడంకు తెలుగు రాదు. గదిల ఉన్న అందరికి వచ్చిన మాట మరాఠీ. వనిత మరాఠీలనే చెప్పింది.

"ఆగస్టుల ఈ మిషన్లల్ల జావా లేదు మేడం. మొన్న శనివారం మేమే ఎక్కించినం. నిన్న నేనే గడియారం ఎనుకకు తిప్పి ఈ తారీఖులు పెట్టిన. సార్ పెట్టుమన్నడు. పెట్టింది నేనే."

దత్తు సార్ నవ్వబోయిండు. పిల్లకు మతి లేదు, ఇంట్ల ఇబ్బందులు, అని ఏదో మొదలుపెట్టిండు. మేడం ఆయన దిక్కు చూడకుంట ప్రణాలిని అడిగింది, "నిజమేనా?"

ప్రణాలికి ఆ సర్టిఫికెట్ ఎంత అవసరమో వనితకు తెలుసు. ఆమె తన మిషన్ దిక్కు తిరిగింది. మెల్లగ, ఒక్కో అక్షరం చూసి చూసి, 'యాంట్ క్లీన్' కొట్టింది. దీపావళి నెల తుడుచుకపోయింది. అటువరుసల ఇంకొక మిషన్ మీద గూడ కీబోర్డు చప్పుడైంది. సతీష్ మాత్రం చేతులు కట్టుకొనే కూసున్నడు.

మేడం పెన్ను మూత పెట్టింది. కచోరీ ముట్టలే. ఇప్పుడు సర్టిఫికెట్లు రావన్నది. రేపటి నుంచి లాబ్ రోజూ తెరవాలె, ఒక్కరికొక్క మిషన్ ఇయ్యాలె, శ్రావణం ఆఖరుకు వచ్చే ఎడ్ల పండుగ పోళా అయినంక చెప్పకుంట వచ్చి చూస్త, పిల్లలు చేస్తేనే వస్తయన్నది. చెయ్యనియ్యకపోతే ఈ కేంద్రమే ఉండదన్నది. దత్తు సార్ జీ, జీ అనుకుంట నిలవడ్డడు. ఆయన మొఖం చూసి జాలిపడేటంత మంచి మనిషి కాదు వనిత, పడలే.

మెట్ల కాడ చెప్పులేసుకుంటుంటే సతీష్ ఎదురొచ్చిండు.

"మా ఏడాది ముంచినవ్," అన్నడు. "సంతకం పెట్టబోయింది గద. నీకేం పోయేది?"

"ఏడాది ఇయ్యాల పోలేదు సతీష్. రోజూ ఇంత పోయింది, మనం నోటుబుక్కులల్ల రాసుకుంట కూసున్నం."

వాడు ఇంకేదో అనబోయి దిగిపోయిండు. వాని కోపం గూడ తప్పు కాదు. ఉద్యోగం నెలలు ఎనుకకు జరిగింది, వానిది, ప్రణాలిది, తనది. బాపు నౌకరి మాత్రం వచ్చే నెలకే అయిపోతది.  కిందికి దిగి ఎనుకకు తిరిగి చూస్తే, పైన అద్దాల అవతల దత్తు సార్ గులాబి గుడ్డలు ఒక్కొక్కటి మడత పెడుతున్నడు. కప్పుతలేడు. మడత పెట్టి అల్మారాల పెడుతున్నడు.

రాయమల్లు షిఫ్టు దిగి వచ్చి నల్లా కాడ కూసున్నడు. సబ్బు పట్టిచ్చి చెవుల ఎనక బొగ్గు రుద్దుకుంటున్నడు. వనిత చెంబుతోని నీళ్ళు పోసింది.  ఆయన మొఖం కడుక్కొని, కండ్లు తెరిచి, అప్పుడు అడిగిండు.

"ఏం తారీఖు పడ్డది బిడ్డా?"

"ఇయ్యాల్టిదే బాపు."

ఆయన తువ్వాల అందుకోబోయి, మల్ల దోసిలి పట్టిండు. "ఇంకిన్ని నీళ్ళు పొయ్యి," అన్నడు.